ఆ బొమ్మలో శ్రోతలు లేరు

పోయిన నెల లండన్‌లో ఉంటున్న స్నేహితురాలు వాట్సాప్‌లో ఒక ఫోటో పంపింది. ఆదివారం సంతలో పాత కాగితాలు అమ్మే ఒకాయన దగ్గర కనిపించిందట. నిండు గడ్డం, నౌకాదళం కోటు, ఆ గడ్డం కింద ఇరికించుకున్న ఫిడేలు, అరమోడ్పు కళ్ళు. తల పెద్దది, కాళ్ళు పొట్టివి. విక్టోరియా రాణి కాలం నాటి ఏదో వారపత్రికలోంచి తీసిన పేజీ. అంచులు కత్తిరించి అట్టకి అంటించడంతో పత్రిక పేరు, తేదీ అన్నీ పోయాయి. వెనకాల ఎవరో పెన్సిల్‌తో "ఎడిన్‌బరో డ్యూక్" అని రాసిపెట్టారు. "నీకు సంగీతమన్నా పాత బొమ్మలన్నా ఇష్టం కదా, కొననా?" అని అడిగింది.

వద్దని వెంటనే రాసేశాను. తను మళ్ళీ అడగలేదు. నాకే నిద్ర పట్టలేదు. ఆ బొమ్మ చూడగానే నాకు కలిగింది నవ్వు కాదు, చిన్న కోపం. వంద సంవత్సరాల కిందటే పోయిన ఇంగ్లీషు యువరాజు మీద నాకు ప్రత్యేకించి ప్రేమేమీ లేదు. మరి ఆ కోపం ఎవరి తరఫున? ఈ నెల రోజులూ దాని గురించే చదివాను, దాని గురించే ఆలోచించాను.

ఎడిన్‌బరో డ్యూక్ అంటే ఆల్ఫ్రెడ్, విక్టోరియా రాణి రెండో కొడుకు. 1844లో పుట్టాడు, చిన్నతనంలోనే నౌకాదళంలో చేరాడు. గలాటియా అనే ఓడకి కెప్టెన్‌గా ప్రపంచం చుట్టి, 1868లో సిడ్నీ దగ్గర ఒకడు తుపాకీతో కాలిస్తే బతికి బయటపడ్డాడు. 1869 చివర్లో కలకత్తాలో దిగి, మరుసటి ఏడాది మద్రాసు కూడా చూసి వెళ్ళాడు. అదే ఓడ పేరుతో ఒక వాల్ట్‌జ్ (జంటలు ఆడే నాట్యానికి వాయించే సంగీతం) కూడా కట్టాడు. ఫిడేలంటే ఆయనకి ప్రాణం. 1872లో లండన్‌లో ఔత్సాహికుల ఆర్కెస్ట్రా ఒకటి ఏర్పడితే దానికి అధ్యక్షుడుగా ఉంటూ, మొదటి వయొలిన్ల వరసలో తనూ కూర్చుని వాయించేవాడు. అలాంటి మనిషి ఫిడేలు పట్టుకుంటే ఆ కాలపు హాస్యపత్రికలు వదులుతాయా!

చాలామంది ఈ బొమ్మల్ని ప్రజాస్వామ్యపు తీపి గుర్తులుగా చూస్తారు. రాజకుటుంబాన్ని చూసి జనం నవ్వగలిగారు, అదెంత గొప్ప అని. నేనూ నిన్నమొన్నటిదాకా అదే అనేదాన్ని. ఇప్పుడు మాత్రం వాటిలో ఎక్కువ బొమ్మలు నవ్వవలసిన చోట నవ్వలేదని నా నమ్మకం. ఎందుకో చెప్పాలంటే ముందు మా ఆఫీసు సంగతి చెప్పాలి.

వార్షికోత్సవం

నేను మొదట ఉద్యోగం చేసిన చోట మా పెద్దసారు పాడేవారు. చిన్నప్పుడు విజయనగరంలో నాలుగేళ్ళు సంగీతం నేర్చుకున్నారట. ప్రతి వార్షికోత్సవానికీ జ్యోతి వెలిగించడం, ప్రసంగాలు అయ్యాక ఆయన పాట ఉండాల్సిందే. ఎప్పుడూ త్యాగరాజ కృతి ఒకటే. అనుపల్లవి ఎత్తుకునేసరికి శ్రుతి కొంచెం కిందికి జారేది. సంగీతం తెలియనివాళ్ళకి కూడా ఆ క్షణం ఏదో ఇబ్బందిగా అనిపించేది. పాట అయిపోగానే చప్పట్లు మోగిపోయేవి. ముందు వరసలో ఉన్న సూపరింటెండెంట్లు లేచి నిలబడి మరీ కొట్టేవారు. నేనూ కొట్టాను. ఆ ఏడాది నా బదిలీ కాగితం ఆయన టేబుల్ మీదే ఉంది.

రికార్డు రూములో పనిచేసే ఒక కుర్రాడు బొమ్మలు బాగా వేసేవాడు. ఒక ఏడాది వార్షికోత్సవం మర్నాడు వాడు తెల్లకాగితం మీద బొమ్మ వేసి టీ గదిలో గోడకి అంటించాడు. మైకు ముందు పెద్దసారు, నోరు తెరిస్తే కొండనాలుక దాకా కనిపిస్తోంది. ఎదురుగా మేమందరం వరసగా, చెవుల్లో దూది పెట్టుకుని చప్పట్లు కొడుతున్నాం. ఆ రోజంతా టీ గదిలో నవ్వులే. సాయంత్రానికి ఆ కాగితం కనిపించలేదు. ఎవరు తీశారో తెలియదు. మరుసటి ఏడాది వార్షికోత్సవానికి సారు జ్యోతి వెలిగించి, మాట్లాడి, కూర్చున్నారు. పాడలేదు. ఆయన రిటైరయ్యేదాకా ఇంక పాడలేదు.

అప్పట్లో నాకు తట్టని ఒక విషయం ఈ మధ్యే తట్టింది. ఆ కుర్రాడు సారుని ఒక్కడినే గీయలేదు. మమ్మల్ని కూడా గీశాడు. నిజానికి ఆ కాగితంలో ఎక్కువ చోటు మాదే. కానీ టీ గదిలో ఒక్కరైనా తమ దూదిని చూసుకుని నవ్వలేదు. అందరం ఆయన కొండనాలుకని చూసే నవ్వాం.

స్నేహితురాలు పంపిన ఫోటోని మళ్ళీ తెరిచి చూశాను. డ్యూక్ ఉన్నాడు, ఫిడేలు ఉంది, చుట్టూ తెల్లకాగితం. శ్రోతలు లేరు.

చెవిలేని కాగితం

ఈ బొమ్మలు ఎలా తయారయ్యేవో తెలిస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. 1841లో మొదలైన 'పంచ్' పత్రికవాళ్ళు ప్రతి బుధవారం రాత్రి భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఆ వారపు పెద్ద బొమ్మ దేనిమీదో తేల్చేవారు. పత్రిక ముఖ్య చిత్రకారుడు టెన్నియల్ శుక్రవారానికి దాన్ని చెక్క దిమ్మ మీద గీసి ఇచ్చేవాడు. స్వెయిన్ కార్ఖానాలో చెక్కుడు పనివాళ్ళు ఆ గీతల చుట్టూ చెక్కని తొలిచి అచ్చుకి సిద్ధం చేసేవారు. తిండి బల్ల దగ్గర పుట్టిన మాట రెండు మూడు రోజుల్లో చెక్క అయ్యేది. 1868లో థామస్ గిబ్సన్ బౌల్స్ పెట్టిన 'వానిటీ ఫెయిర్' పద్ధతి వేరు. దాని బొమ్మలు రాతి మీద రంగురంగుల్లో అచ్చయ్యేవి, వారానికి ఒక మనిషి. 'ఏప్' పేరుతో సంతకం చేసే పెల్లెగ్రినీ, 'స్పై' పేరుతో వేసే లెస్లీ వార్డ్ తాము గీయబోయే మనిషిని ఎక్కడో దూరంగా గమనించి, జ్ఞాపకం మీద గీసేవారు. హైదరాబాదువాళ్ళకి ఈ పత్రిక కొత్తేమీ కాదు. 1876లో నిజాం దివాను సాలార్ జంగ్ లండన్ వెళ్ళినప్పుడు ఆయన బొమ్మ కూడా అందులో పడింది.

చెక్కైనా రాయైనా, చిత్రకారుడి చేతికి అందేది మనిషి వాలకం. చెవికి పని లేదు. నడకని గీయవచ్చు, ముక్కుని సాగదీయవచ్చు, పొట్టని ఉబ్బించవచ్చు. అపస్వరాన్ని గీయలేడు. ఫిడేలు వాయిస్తున్న మనిషి బొమ్మ వేసి వదిలేస్తే అపస్వరం చూసేవాడే వేసుకుంటాడు. యువరాజు ఫిడేలు పట్టుకున్నాడంటే బాగా వాయించి ఉండడని అనుకోవడం పాఠకుడి పని. చిత్రకారుడు ఆ మాట అననక్కర్లేదు, ఆ కచేరీకి వెళ్ళనక్కర్లేదు కూడా.

ఇంకో విషయం శరీరానిది. రాజుల తైలవర్ణ చిత్రాలు గుర్తు చేసుకోండి. రాజు నిటారుగా నిలబడతాడు, ఒక చెయ్యి కత్తి పిడి మీద, ఒక కాలు కొంచెం ముందుకి. ఏ పనీ చేయడు. పని చేయకపోవడమే ఆ చిత్రాల్లో రాచరికం. ఫిడేలు పట్టుకున్న మనిషి అలా నిలబడలేడు. మెడ ఒకవైపు వంగుతుంది, దవడ నొక్కుకుపోతుంది, ఒక మోచెయ్యి ఫిడేలు కిందికి దూరుతుంది, రెండోది కమానుతో పాటు పైకీ కిందికీ ఆడుతుంది. వాయిస్తున్నంతసేపూ ముఖం తన అదుపులో ఉండదు. పియానో, వీణ వాయించేవాళ్ళకి కొంత దర్జా మిగులుతుంది, ఫిడేలు అదీ మిగల్చదు. అందుకే వ్యంగ్య చిత్రకారుడికి అదంటే అంత ఇష్టం. అంటే ఆ నవ్వు ఆల్ఫ్రెడ్ వాయించిన తీరు మీద కాదు, ఒక రాజవంశీకుడు శ్రమపడుతున్నట్టు కనిపించడం మీద. ఇది నాకు గుచ్చుకుంటుంది. సాధన చేసే ఎవరి ముఖమైనా అలాగే ఉంటుంది.

ఉత్తరాల్లో నిజం

"అయితే ఆయన బాగా వాయించేవాడా?" అని అడుగుతారు. వాయించేవాడు కాదనే అనిపిస్తోంది. రాణిగారి ఆంతరంగిక కార్యదర్శి హెన్రీ పాన్సన్‌బీ ఒకసారి విందులో ఆయన వాయిద్యం విన్నాడు. ఫిడేలు శ్రుతిలో లేదని, ఆ మోత భరించలేకపోయానని రాసుకున్నాడు. ఆ గదిలో ఆ మాట పైకి అన్నవాడున్నాడని నేను అనుకోను. అందరూ చప్పట్లే కొట్టి ఉంటారు. నాకు తెలుసు, నేనూ కొట్టినదాన్నే.

దీనికి చాలా ఏళ్ళ ముందు ఇలాంటిదే ఇంకొకటి ఉంది, అది నాకు మరీ ఇష్టం. 1842 వేసవిలో జర్మన్ స్వరకర్త మెండెల్సన్ బకింగ్‌హామ్ రాజభవనానికి వెళ్ళాడు. విక్టోరియా భర్త ఆల్బర్ట్ ఆర్గన్ వాయించి వినిపించాడు. రాణి మెండెల్సన్ పాటల పుస్తకంలోంచే ఒక పాట ఎంచుకుని పాడింది. పాడాక మెండెల్సన్ ఒక నిజం ఒప్పుకోవలసి వచ్చింది. ఆ పాట తనది కాదు, తన అక్క ఫానీది. అక్క కట్టిన పాటలు కొన్ని తన పేరు మీద అచ్చయ్యాయి. రాణి ఏరికోరి పాడింది వాటిలో ఒకటి! ఈ సంగతంతా ఆయన వాళ్ళమ్మకి ఉత్తరం రాశాడు. రాణి చక్కగా పాడిందని మెచ్చుకుంటూనే, ఫలానా చోట ఒక స్వరం ఉండవలసిన దానికన్నా అర మెట్టు పైకి పలికిందని కూడా రాశాడు.

ఎంత చిన్న మాట అది! కానీ ఇన్ని నవ్వులాట బొమ్మలు చెప్పలేనిది ఆ ఒక్క వాక్యం చెప్పింది. ఏ మాట దగ్గర, ఏ స్వరం, ఎటు జారింది. అది సంగీతం తెలిసినవాడు ఇంకొకరి సంగీతాన్ని శ్రద్ధగా విన్న గుర్తు. ఆ ఉత్తరంలో వెటకారం లేదు, ముఖస్తుతి కూడా లేదు. బొమ్మ "ఇదిగో తప్పు వాయించేవాడు" అంటుంది, ఏది తప్పో చెప్పదు. చెప్పడానికి తను వినలేదు.

అయితే దీనికి నాకు నేనే ఒక అడ్డు చెప్పుకోవాలి. మెండెల్సన్ ఆ మాట రాసింది అమ్మకి. రాణికి చెప్పినట్టు కనబడదు. ఆ మరుసటి సంవత్సరం తన స్కాటిష్ సింఫనీని ఆమెకే అంకితం ఇచ్చాడు. పాన్సన్‌బీ రాసిందీ తనవాళ్ళు చదువుకోవడానికే. రాజకుటుంబం సంగీతం గురించి నిజమైన మాట ఉత్తరాల్లో దాక్కుని బతికింది. గదిలో బతకలేదు. గదిలో నోరు తెరవలేని సమాజంలో, వెలుపల నిలబడి నవ్వగలిగినవి ఆ వారపత్రికలొక్కటే కదా? చెవి లేకపోయినా వాటికి నోరుంది. నోరున్నవాడిని చెవి లేదని తప్పు పడితే మిగిలేది నిశ్శబ్దం. ఈ ప్రశ్న దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయాను.

ఎవరి డబ్బుతో

ఆ పత్రికల పక్షాన చెప్పవలసింది ఇంకా ఉంది. ఆల్ఫ్రెడ్‌కి 1866లో పార్లమెంటు ఏడాదికి 15,000 పౌండ్ల భత్యం మంజూరు చేసింది. రష్యా చక్రవర్తి కూతురితో పెళ్ళి కుదిరాక 1873లో ఇంకో 10,000 కలిపింది. ఆల్బర్ట్ పోయాక విక్టోరియా ఏళ్ళ తరబడి జనానికి కనిపించడం మానేసింది. 1871లో "ఈవిడ ఆ డబ్బంతా ఏం చేస్తోంది?" అని అడిగే కరపత్రం వచ్చింది. అదే ఏడాది పార్లమెంటు సభ్యుడు చార్లెస్ డిల్క్ రాచరికపు ఖర్చు మీద బహిరంగ సభలో మాట్లాడాడు. ఆ రోజుల్లో మిల్లు కార్మికుడు యువరాజు ఫిడేలు బొమ్మ చూసి నవ్వాడంటే, ఆ నవ్వు శ్రుతి గురించి కాదు. మేం పన్ను కడుతున్నాం, ఈయన వాయించుకుంటున్నాడు అన్న బాధ అది. రోము తగలబడుతుంటే ఫిడేలు వాయించిన నీరో సామెత ఇంగ్లీషువాళ్ళకి నోటి చివరే ఉంటుంది. ఆ బొమ్మ వెనక నీరో నీడ ఉంది.

ఆ కోపం న్యాయమైనదని నేను ఒప్పుకుంటాను. కానీ కోపం ఉన్నది భత్యం మీదైతే, బొమ్మలో భత్యం ఉండాలి. నాణేల సంచి మీద కూర్చోబెట్టి వేసి ఉంటే నాకు అభ్యంతరం లేదు. ఆ డబ్బుతో వేటకి వెళ్ళేవాళ్ళు, గుర్రప్పందేలు ఆడేవాళ్ళు, పేకాట గదుల్లో రాత్రుళ్ళు గడిపేవాళ్ళు కూడా ఆ కుటుంబంలో ఉన్నారు. ఉన్నవాటిలో కాస్త కష్టపడి నేర్చుకోవలసిన పని ఎంచుకున్నవాడు ఇతనే. ఎంచుకున్న ఆ ఒక్క పనినే సోమరితనానికి గుర్తుగా వాడుకున్నారు. వేటగాడి బొమ్మలో వేటగాడు మగధీరుడు. ఫిడేలు పట్టుకున్నవాడు పనిలేనివాడు.

దీని వేళ్ళు ఇంకా లోతుగా ఉన్నాయి. 1749లో చెస్టర్‌ఫీల్డ్ ప్రభువు కొడుక్కి రాసిన ఒక ఉత్తరంలో, సంగీతం ఇష్టమైతే విను, డబ్బిచ్చి వాయించేవాళ్ళ చేత వాయించుకో, అంతేగాని నువ్వు మాత్రం ఫిడేలు ముట్టుకోవద్దని గట్టిగా హెచ్చరించాడు. పెద్దమనిషి సంగీతాన్ని కొనుక్కోవాలి, చేయకూడదు. ఇంటి ఆడపిల్లలు పియానో వాయిస్తే ముచ్చట. అందుకే ఆల్ఫ్రెడ్ వదినగారు అలెగ్జాండ్రా 1885లో ఐర్లండ్ విశ్వవిద్యాలయం నుంచి సంగీతంలో డాక్టరేటు తీసుకుని, ఆ గౌను, టోపీలతో ఫోటో తీయించుకుంటే అది ముద్దుగా అనిపించింది. మగవాడు ఫిడేలు పట్టుకుంటే అది జీతానికి వాయించే విదేశీయుల పని.

వానిటీ ఫెయిర్ బొమ్మల కింద పెట్టిన మాటలు చూస్తే ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. 1874లో ఇంగ్లీషు స్వరకర్త ఆర్థర్ సల్లివన్ బొమ్మ కింద 'ఇంగ్లీషు సంగీతం' అని వేశారు. 1877లో జర్మన్ స్వరకర్త వాగ్నర్ కింద 'రాబోయే కాలపు సంగీతం' అని, 1879లో ఇటలీ స్వరకర్త వెర్డీ కింద 'ఇటలీ సంగీతం' అని వేశారు. ఎంత వెక్కిరింపుగా గీసినా, కింది మాట ఆ మనిషినీ అతని కళనీ ఒకటి చేసింది. వాగ్నర్ చేతిలో ఆర్కెస్ట్రాని నడిపించే కర్ర ఉంటే అది వాగ్నరే. యువరాజు చేతిలో ఫిడేలుంటే అది పక్కింటి నుంచి అరువు తెచ్చుకున్న వస్తువులా ఉంటుంది. సల్లివన్, ఆల్ఫ్రెడ్ మంచి స్నేహితులు. 1881 వేసవిలో డ్యూక్ యుద్ధనౌకలో ఆయన అతిథిగా సల్లివన్ బాల్టిక్ సముద్రమంతా తిరిగాడు. ఒకే ఓడలో, ఒకే బల్ల దగ్గర సంగీతం మాట్లాడుకున్న ఇద్దరిలో ఒకడు దేశపు సంగీతం, ఇంకొకడు దేశపు నవ్వులాట.

ఆ ఏడాదే డిసెంబరులో ఆల్ఫ్రెడ్, అతని తమ్ముడు లియోపోల్డ్, బావ క్రిస్టియన్ మాంచెస్టర్ ఫ్రీ ట్రేడ్ హాల్లో సభ పెట్టి, దేశానికి ఒక మంచి సంగీత కళాశాల కావాలని మాట్లాడారు. 1883 మేలో రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్ తెరుచుకుంది. మొదటి ఏడాది పోటీలో గెలిచిన యాభైమందికి ఉచితంగా చదువు. వాళ్ళలో మిల్లులో పనిచేసే అమ్మాయి ఉంది, కమ్మరి కొడుకు ఉన్నాడు, పొలం కూలీ కొడుకు ఉన్నాడు. ఫిడేలు పిచ్చి ఉన్న యువరాజు లేకపోతే ఆ కాలేజీ వచ్చేది కాదని నేను అనను, ఆ కాలేజీ మొదటి డైరెక్టరు జార్జ్ గ్రోవ్ లాంటివాళ్ళ శ్రమ దాని వెనక ఎంతో ఉంది. కానీ శ్రుతి జారినా సరే, ఫిడేలు వదలని మనిషి ఆ సభలో నిలబడి అడగడం వేరు, ఎప్పుడూ ఫిడేలు ముట్టనివాడు అడగడం వేరు అనుకుంటాను.

అదే నవ్వు ఓడ దాటితే

లండన్‌లో ఈ నవ్వు వల్ల ఎవరి కిరీటమూ పోలేదు. ఆల్ఫ్రెడ్ హాయిగా వాయించుకుంటూ పోయాడు. 1893లో జర్మనీలోని కోబర్గ్ సంస్థానానికి అధిపతి కూడా అయ్యాడు. మన దేశంలో అదే తర్కం ఇంత తేలిగ్గా పోలేదు. అవధ్ నవాబు వాజిద్ అలీ షా ఠుమ్రీలు కట్టాడు, కథక్ నేర్చుకున్నాడు, ఆడాడు. లక్నోలో రెసిడెంటుగా, అంటే కంపెనీ ప్రతినిధిగా ఉన్న స్లీమన్ తన నివేదికల్లో నవాబు పాటగాళ్ళతో, వాయిద్యగాళ్ళతో కూడి ఉంటాడని పదే పదే ఫిర్యాదు చేశాడు. 1856 ఫిబ్రవరిలో కంపెనీ అవధ్‌ని కలిపేసుకుంది. కలుపుకోవాలన్న ఆశ సంగీతం వల్ల పుట్టలేదు, అది ముందే ఉంది. కానీ కారణం చూపించవలసి వచ్చినప్పుడు నవాబు తబలా, గజ్జెలు చేతికి అందాయి. ఒకే దేశంవాళ్ళు, ఇంచుమించు ఒకే తరంలో, సొంత యువరాజు వాయిస్తే నవ్వు బొమ్మ వేశారు, ఇంకో దేశపు రాజు ఆడితే అభియోగపత్రం రాశారు. వాయించే రాజు పాలనకి పనికిరాడన్న భావం రెండిటిలోనూ ఒకటే.

మన వైపు అలా అనుకోలేదు. సముద్రగుప్తుడు కాలు మీద కాలు వేసుకుని వీణ వాయిస్తున్నట్టు బంగారు నాణెం వేయించుకున్నాడు. పదహారు వందల సంవత్సరాల కిందటి నాణెం, రాజు ఒడిలో కత్తి లేదు, వీణ ఉంది. తంజావూరు రఘునాథ నాయకుడు తెలుగులో కావ్యాలు రాసి, వీణ వాయించి, ఆ రెంటి పేరుతోనూ పొగిడించుకున్నాడు. ఈ ఉదాహరణలు చెప్పి "చూశారా మనం ఎంత గొప్పో" అని ఈ పోస్టు ముగించేద్దామని ఒక దశలో అనుకున్నాను కూడా. రాసి కొట్టేశాను.

ఎందుకంటే సముద్రగుప్తుడు సంగీతంలో తుంబురుణ్ణీ నారదుణ్ణీ సిగ్గుపడేలా చేశాడని అలహాబాదు స్తంభం మీద రాసింది హరిషేణుడు. హరిషేణుడు ఆ కొలువులోనే పెద్ద ఉద్యోగి. అంటే అదీ ముందు వరసలో లేచి నిలబడి కొట్టిన చప్పట్లే. సముద్రగుప్తుడి వీణ ఎలా ఉండేదో ఆ స్తంభం చదివి తెలుసుకోలేం, ఆల్ఫ్రెడ్ ఫిడేలు ఎలా ఉండేదో ఆ బొమ్మ చూసి తెలుసుకోలేనట్టే. అక్కడ నవ్వే కాగితం, ఇక్కడ పొగిడే రాయి. రెండింటికీ చెవి లేదు. మన సంప్రదాయంలో రాజుకి వాయించే హక్కు ఉంది, చాలా మంచిది. అయ్యా, అనుపల్లవిలో జారుతోంది అని చెప్పే హక్కు ఆస్థానంలో ఎవరికైనా ఉందా?

అందుకే ఆ రికార్డు రూము కుర్రాడి బొమ్మే వీటన్నిటికన్నా నాకు నిజాయితీగా కనిపిస్తుంది. పాడేవాడినీ చూపించాడు, చప్పట్లు కొట్టేవాళ్ళనీ చూపించాడు. ఆల్ఫ్రెడ్ కూడా నిజజీవితంలో ఒంటరిగా నిలబడి వాయించింది తక్కువే, ఎక్కువగా ఆర్కెస్ట్రాలో పదిమంది మధ్య కూర్చుని, ఎవరో ఒక సామాన్యుడి కర్ర సైగకి తలొగ్గి వాయించాడు. హాలు నిండా కూర్చున్న పెద్దలు, దొరసానులు, కండక్టరు అందరూ ఆ అపస్వరంలో భాగస్వాములే. వాళ్ళనందరినీ తుడిచేసి ఒక్కడిని తెల్లకాగితం మీద నిలబెట్టడం దగ్గరే నాకు అభ్యంతరం.

మొన్న ఆదివారం

ఇదంతా రాస్తుండగా మా పెద్దసారు గుర్తొచ్చి, నంబరు సంపాదించి, వాళ్ళింటికి వెళ్ళాను. ఎనభై దగ్గరపడ్డాయి. మేడ మెట్లెక్కుతుంటే లోపల్నుంచి శ్రుతిపెట్టె మోగుతున్న చప్పుడు. తలుపు కొట్టగానే ఆగిపోయింది.

కాఫీ ఇచ్చారు, పిల్లల సంగతులు అడిగారు. చాలాసేపయ్యాక ధైర్యం చేసి, "మీరు పాడటం ఎందుకు మానేశారు సార్?" అన్నాను. అని, ఆ బొమ్మ చూసి నేను కూడా నవ్వానని చెప్పాను. ఆయన ఏమీ నొచ్చుకోలేదు.

"మానలేదమ్మా, అక్కడ పాడటం మానేశాను. నా సర్వీసంతటిలో నా పాటలో ఏదో తేడా ఉందని నాకు చెప్పింది ఆ కాగితం ఒక్కటే. కానీ ఎక్కడ తేడానో అది చెప్పలేదు. చెప్పే మనిషి లేక, ఇక్కడ నేనే పాడుకుని నేనే వెతుక్కున్నాను."

"దొరికిందా సార్?"

శ్రుతిపెట్టె మళ్ళీ ఆన్ చేశారు. అదే కృతి. పల్లవి నిదానంగా నడిపారు. అనుపల్లవి ఎత్తుకున్నారు, పాత చోటే గొంతు కొంచెం దిగింది. నా చేతులు అలవాటుగా ఒడిలో కదిలాయి. ఆయన ఆగి నా ముఖంలోకి చూశారు.

"జారింది సార్," అన్నాను. "పై షడ్జం దగ్గర."

"ఆఁ, అక్కడే," అని, కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, అనుపల్లవి మళ్ళీ మొదటి నుంచి అందుకున్నారు.